మాంసం గిన్నెలో తోడుపెట్టిన పెరుగు

పోయిన అక్టోబరులో అమ్మకి కంటి ఆపరేషన్ అంటే మిషిగన్ వెళ్ళాను. అమ్మ ఇప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు శనివారం. పొద్దున్నే కాఫీ తాగి, నల్లద్దాలు పెట్టుకుని, "ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగొచ్చిందే. ఓక్ పార్క్‌లో మన పాత వీధికి డ్రైవ్ చెయ్యి" అంది. "కంట్లో మందు వేసుకుని ఉన్నావు, నీకేం కనిపిస్తుందక్కడ" అన్నాను. "నాకు కనిపించకపోతే ఏం, నువ్వు చూసి చెప్పు" అంది. అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. వెళ్ళాం.

వీధి పెద్దగా మారలేదు. అవే ఎర్ర ఇటుక ఇళ్ళు, అవే మేపుల్ చెట్లు. మేం ఉన్నప్పుడు నా భుజం దాకా ఉన్న చెట్లు ఇప్పుడు ఇంటి కప్పులు దాటిపోయాయి. అక్కడ ఎక్కువగా యూదులే, శనివారం వాళ్ళు బండి నడపరు కాబట్టి ఒక్క కారూ కదలడం లేదు. నల్లకోట్ల మగవాళ్ళు, పిల్లల బండ్లు తోసుకుంటూ ఆడవాళ్ళు, ప్రార్థన ముగించుకుని తీరిగ్గా నడిచి వస్తున్నారు. మా పాత ఇంటి ముందు కారాపి, పక్కింటి వసారాలో మూడుచక్రాల సైకిలుందని, తలుపుకి నీలం రంగు వేశారని అమ్మకి చెప్పాను. "మిరియంకి నీలం నచ్చేది" అంది అమ్మ. ఆ వీధిలో ఉన్న రోజుల్లో నేను దాదాపు రెండేళ్ళ పాటు, లోకానికి రావలసిన మంచిరోజులు నా ఒక్కదాని మూలంగానే ఆగిపోయాయని మనస్ఫూర్తిగా నమ్మాను. పన్నెండేళ్ళ పిల్లకి తన మీద తనకి అంత గొప్ప అభిప్రాయం ఎలా కలిగిందో చెప్పాలంటే ముందు పక్కింటి వంటగది గురించి చెప్పాలి.

అవి డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులు. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు, అమ్మ ఆస్పత్రి లాబ్‌లో పని. నన్ను ఆరేళ్ళప్పుడు ఇండియా నుంచి తీసుకొచ్చారు. తమ్ముడు అప్పటికింకా పుట్టలేదు. నా బడి మూడున్నరకి వదిలేవారు, అమ్మ వచ్చేసరికి ఆరయ్యేది. ఆ రెండున్నర గంటలూ నన్ను పక్కింటి మిరియం ఆంటీ చూసుకునేది. ఆవిడకి అప్పటికే డెబ్బై దగ్గర పడుతున్నాయి. భర్త కార్ల ఫాక్టరీలో సీట్లకి గుడ్డ కుట్టేవాడట, నేను ఎరిగేనాటికే లేడు. "ఆంటీ ఏమిటి, మిరియం అను చాలు" అనేది ఆవిడ. అంత పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలిస్తే నాలిక కోస్తానని అమ్మ అంది. అందుకని ఆ వీధి మొత్తానికి ఆవిడ ఒక్క నాకే ఆంటీ. ఆ ఇంట్లో అడుగుపెడితే కోడికొవ్వులో వేగిన ఉల్లిపాయల వాసన, శుక్రవారమైతే దాని మీద జడలా అల్లిన రొట్టె కాలుతున్న వాసన. మా ఇంట్లో మాంసం వండేవాళ్ళు కాదు. ఆ వాసన నాకు ఇష్టమని మాత్రం ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ వంటగదిలో అన్నీ రెండేసి ఉండేవి. యూదుల నియమం ప్రకారం పాలూ మాంసమూ కలవకూడదు. ఒక భోజనంలో కలవకూడదు, ఒక గిన్నెలో కలవకూడదు, అసలు ఆ గిన్నెలే ఒకదాన్నొకటి తాకకూడదు. మాంసం గిన్నెల అడుగున ఎర్రచుక్క, పాల గిన్నెల అడుగున నీలంచుక్క. ఎర్రవి కింద అల్మరాలో, నీలంవి పైన అటక మీద. చెంచాలకి వేరు వేరు సొరుగులు, కడగడానికి వేరు వేరు తొట్లు. నేను అక్కడికి వెళ్ళిన మొదటివారమే ఇవన్నీ నేర్పింది. నేర్పింది కాబట్టే తర్వాత జరిగినదానికి నేను తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

ఆ చలికాలం మా నాయనమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. అంత మడి మనిషి డెట్రాయిట్ మంచులో ఎలా బతుకుతుందోనని నాన్న దిగులుపడ్డాడు. తీరా చూస్తే ఆవిడకి అమెరికాలో అర్థమైన మొట్టమొదటి మనిషి మిరియం ఆంటీ. ఎర్రచుక్క, నీలంచుక్క సంగతి నేను తెలుగులో చెప్పగానే నాయనమ్మ తల పంకించి, "ఈ దేశంలో ఒక్క ఇంట్లోనన్నా శుభ్రం ఉందన్నమాట" అంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం శాలువా కప్పుకుని పక్కింటికి చేరేది. ఇద్దరూ వంటగది బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలిచేవాళ్ళు. నాయనమ్మ ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టదు, ఆవిడ మా ఇంట్లో ఏమీ ముట్టదు. ఇద్దరికీ కోసిన పండు పనికిరాదు, కొయ్యని ఆపిల్ పనికొస్తుంది. అందుకని రోజూ ఒకళ్ళకొకళ్ళు ఆపిల్ పళ్ళు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. ఒకరింట్లో ఒకరు మెతుకు ముట్టని అలాంటి స్నేహం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మాటలు మాత్రం నా ద్వారా నడిచేవి. మిరియం ఆంటీ ఫ్రిజ్ మీద ఎప్పుడూ ఒక కాగితం అతికించి ఉండేది, దాని మీద ఒకే ఒక్క మాట. ఒక వారం 'ఓర్పు', ఒక వారం 'తక్కువ మాట్లాడటం', ఇంకో వారం 'పని వాయిదా వెయ్యకపోవడం'. మనిషి ఒక్కసారిగా మంచివాడైపోడు, ఏడు రోజులపాటు ఒక్క గుణాన్ని పట్టుకుని కుస్తీపడితే గోరంత మారతాడు, మళ్ళీ మూడు నెలలకి అదే గుణం దగ్గరికి రావాలి అనేది. ఓర్పు వారంలో నేను ఎన్ని తిక్క ప్రశ్నలైనా అడగొచ్చని కనిపెట్టి, అడగదలుచుకున్నవన్నీ ఆ వారానికి దాచుకునేదాన్ని. అలా ఒకసారి, మీరు ఎదురుచూసే మెస్సీయ ఎప్పుడొస్తాడని అడిగాను. "ఈ రోజే రావచ్చు" అంది ఆవిడ, బఠాణీల్లోంచి తలెత్తకుండా. వస్తే ఏమవుతుందన్నాను. యుద్ధాలుండవు, ఎవరూ ఎవర్నీ తరమరు, అందరికీ చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది అంది. నాయనమ్మకి చెబితే, "మా కల్కి తెల్లగుర్రం మీద కత్తి పట్టుకుని వస్తాడు. దానికింకా లక్షల ఏళ్ళుందిలే. వీళ్ళవాడు ఈ రోజే అంటున్నాడుగా, నయం" అంది. అది నేను ఆవిడకి చెప్పాక ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

మరి ఇంకా ఎందుకు రాలేదని నేను వదల్లేదు. అప్పుడావిడ తక్కెడ సంగతి చెప్పింది. లోకంలో మంచీ చెడూ సరిసమానంగా తూగుతున్నాయని అనుకోవాలట. ప్రతి మనిషీ, ఇప్పుడు నేను చేసే ఈ ఒక్క పనితో తక్కెడ ఎటో ఒకవైపు మొగ్గుతుందని తలుచుకుని బతకాలట. పెద్దవాళ్ళకైతే అదొక మంచి మాట. నేను మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు నమ్మేశాను.

ఆ చలికి మా ఇంట్లో పెరుగు తోడుకునేది కాదు. నాయనమ్మ గిన్నెకి తువ్వాలు చుట్టింది, హీటర్ పక్కన పెట్టింది, అమ్మ ఉన్నికోటులో దాచింది. పొద్దున లేచేసరికి అదే నీళ్ళపాలు. రెండుపూటలా గట్టి పెరుగు లేకపోతే భోజనం చేసినట్టే ఉండదావిడకి. ఒక శుక్రవారం మధ్యాహ్నం నాకు గొప్ప ఆలోచన వచ్చింది. శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ళకి సబ్బాతు, అప్పుడు పొయ్యి వెలిగించరు, ఆర్పరు. అందుకని మిరియం ఆంటీ శుక్రవారం పొద్దుగుంకే ముందే సన్నని మంట మీద ఒక రేకు పరిచి, వండినవన్నీ దాని మీద పెట్టేసేది. మర్నాటి దాకా ఆ రేకు వెచ్చగా ఉండేది. పెరుగుకి అంతకన్నా మంచి చోటు మిషిగన్ రాష్ట్రంలోనే లేదనిపించింది. నాయనమ్మ బఠాణీలు ఒలిచి ఇంటికి వెళ్ళిపోయింది, ఆంటీ స్నానానికి వెళ్ళింది. నేను మా ఇంట్లోంచి సీసాలో పాలూ, చెంచాడు తోడూ తెచ్చాను. గిన్నె కావాలి. నీలంవి అటక మీద ఉన్నాయి, కుర్చీ ఎక్కాలి. ఎర్రవి చేతికందేలా ఉన్నాయి. తెల్లటి పింగాణీపూత గిన్నె, మూతతో సహా, అచ్చం పెరుగుకి సరిపోయే సైజు. నాకు తెలుసు. తెలిసే తీశాను. తోడుపెట్టి రేకు చివరన, పెద్ద గిన్నె వెనక దాచాను.

మర్నాడు మధ్యాహ్నం పెరుగు తెచ్చుకుందామని వెళ్ళేసరికి మిరియం ఆంటీ పొయ్యి ముందు మూత చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. గిన్నెలో పెరుగు రాయిలా తోడుకుంది. నా జన్మలో అంత అందంగా తోడుకున్న పెరుగు చూడలేదు. ఆ గిన్నె ఆవిడ తల్లిదని, పోలండ్ నుంచి ఓడలో వచ్చేటప్పుడు బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నదని ఆ క్షణంలోనే నాకు గుర్తొచ్చింది. రాగివో ఇనుపవో అయితే మరిగే నీళ్ళలో ముంచి శుద్ధి చెయ్యొచ్చు. పింగాణీపూత గిన్నెకి ఆ మార్గం లేదు. అవతల పారెయ్యాల్సిందే. "ఎవరు పెట్టారు ఇది?" అంది ఆవిడ నెమ్మదిగా. ఈ ఇంట్లోకి నన్నిక రానివ్వదు, నాయనమ్మ ఊరెళ్ళిపోయాక మెడలో తాళంచెవి వేసుకుని ఒక్కదాన్నే ఖాళీ ఇంట్లో కూర్చోవాలి అని ఒక్కసారిగా భయమేసింది. "నాయనమ్మ" అన్నాను.

ఆవిడ మూత గిన్నె మీద పెట్టేసింది. సోమవారం ఆ గిన్నె వీధిలో చెత్తడబ్బా పక్కన కనిపించింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ శాలువా కప్పుకుని వెళితే, మిరియం ఆంటీ ఎంతో మర్యాదగా తలుపు తీసి, ముందుగదిలో సోఫా చూపించింది. ఆపిల్ ఇచ్చింది. నవ్వింది. వంటగది తలుపు మాత్రం దగ్గరగా వేసి ఉంది. వేరే ఎవరికైనా అది మర్యాదగానే తోచేది. జన్మంతా మడి పాటించిన మా నాయనమ్మకి ఆ మూసిన తలుపు అర్థం తెలియకపోవడం అసాధ్యం. ఇంటికొచ్చి, "నన్ను బయట కూర్చోబెట్టిందే ఆవిడ. నేనేం చేశాను?" అంది. నాకేం తెలుసన్నాను. ఇంకో రెండుసార్లు వెళ్ళింది, అదే సోఫా. తర్వాత వెళ్ళడం మానేసింది. మిగిలిన రెండు నెలలూ మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుని మంచు చూసేది. ఏప్రిల్‌లో తెనాలి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో చెబుదామనుకున్నాను, చెప్పలేదు.

ఎండాకాలం చివర వాళ్ళకి ఎలూల్ అనే నెల వస్తుంది. ఆ నెలంతా పొద్దున ప్రార్థనలో పొట్టేలు కొమ్ము ఊదుతారు, నిద్రపోతున్న మనిషిని లేపడానికని. తర్వాత కొత్త సంవత్సరం, దాని తర్వాత పదోరోజున యోమ్ కిప్పూర్, రోజంతా ఉపవాసం. ఆ రోజు దేవుడు క్షమిస్తాడు, కానీ ఆయనకి చేసిన తప్పులే. తోటిమనిషికి చేసినదాన్ని ఆయన ముట్టుకోడట. ముందా మనిషి దగ్గరికి వెళ్ళి అడగాలి. కాదంటే మళ్ళీ వెళ్ళాలి, మూడుసార్ల దాకా. దాన్ని వాళ్ళు తెషువా అంటారు, తిరిగి రావడం అని అర్థం. నేరం ఒప్పుకోవడం కన్నా ఇంటికి తిరిగి రావడంలాగే వినిపించేది ఆవిడ చెబుతుంటే. ఆ ఏడాది మిరియం ఆంటీ మా గుమ్మంలోకి వచ్చి, తెలిసో తెలియకో నొప్పిస్తే క్షమించమని అమ్మనీ నాన్ననీ అడిగింది. అమ్మకి ఏం చెయ్యాలో తోచక, "అయ్యో, మీరేం చేశారండీ, కాఫీ తీసుకోండి" అంది, ఆవిడ మా ఇంట్లో కాఫీ తాగదని మర్చిపోయి. అప్పుడావిడ నా వైపు తిరిగి, "మీ నాయనమ్మకి ఒక ఉత్తరం రాయాలి. నేను చెబుతాను, నువ్వు తెలుగులో రాయి" అంది.

ఆవిడ చెప్పినదింతే. మీరు నా గిన్నె పాడుచేశారని విన్నాను, మిమ్మల్ని అడగకుండానే నమ్మాను, మిమ్మల్ని వంటగదిలోంచి బయట కూర్చోబెట్టాను, గిన్నె కన్నా మీరు ఎక్కువ, నన్ను క్షమించండి. నీలంరంగు ఏరోగ్రామ్ మీద, నాయనమ్మే నేర్పిన వంకర అక్షరాల్లో నేను రాసినది మాత్రం వేరు. మిరియం ఆంటీ నిన్ను అడిగానని చెప్పమంది, ఏమైనా తప్పు జరిగితే క్షమించమంది, ఇక్కడ అందరూ బాగున్నారు. అతికించి పోస్ట్ చేశాను. నెలన్నరకి జవాబొచ్చింది. అమ్మ దాన్ని మిరియం ఆంటీకి ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఆవిడ నాకేమీ చెయ్యలేదు, ఆవిడ ఇల్లు, ఆవిడ మడి, ఎందుకలా చేసిందో నాకు తెలియదు, నేను అడగలేదు అని ఉంది అందులో. అమ్మ వెళ్ళాక మిరియం ఆంటీ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, "గిన్నె సంగతి రాయలేదా నువ్వు?" అంది. ఫ్రిజ్ మీద ఆ వారం ఏ మాట ఉందో చూడటానికి కూడా ధైర్యం లేకపోయింది. నేనే పెట్టానని, అబద్ధం చెప్పానని, ఏడుస్తూ చెప్పేశాను. ఆ తర్వాత అన్నాళ్ళుగా లోపల నలుగుతున్న ప్రశ్న కూడా అడిగేశాను. "మెస్సీయ నా మూలంగానే రావడం లేదా?"

ఆవిడ నవ్వింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆప్రాన్‌తో తుడుచుకుంది. "ఆయన ఆలస్యానికి చాలామందిమి ఉన్నాం. అంతా నువ్వే నెత్తినేసుకోకు. నీ వంతు మాత్రం నువ్వు తీర్చుకో" అంది. గిన్నె విషయం క్షమించేశానంది. మీ నాయనమ్మ విషయం క్షమించడం నా చేతిలో లేదు, ఆవిడ చేతిలోనే ఉంది అంది. "ఒక చిన్నపిల్ల మాట విని ఆవిణ్ణి ఒక్కమాట అడగకుండా బయట కూర్చోబెట్టాను చూడు, నాది నీకన్నా పెద్దది. ఆ వారం ఫ్రిజ్ మీద ఏముందో తెలుసా? ఎదుటివాళ్ళని మంచివాళ్ళుగా అనుకోవడం." ఇంకొక మాట కూడా చెప్పింది. నిజంగా మారామో లేదో తెలిసేది ఏడ్చినప్పుడు కాదట. అదే తప్పుకి అదే అవకాశం మళ్ళీ వచ్చినప్పుడు తెలుస్తుందట. అమ్మతో తను చెప్పనంది, నా మాట నేనే చెప్పుకోవాలంది. నాయనమ్మకి రాయడానికి మూడు ఏరోగ్రామ్‌లు మొదలుపెట్టి మూడూ చింపేశాను.

మరుసటి ఏడాది సెప్టెంబరులో, ఆ పండగలకి ముందే, నాయనమ్మ మళ్ళీ వచ్చింది. పక్కింటికి వెళదాం రమ్మంటే, "నేను రాను. నాకు సోఫాలు పడవు" అంది. ఒక ఆదివారం మిరియం ఆంటీయే వచ్చింది, సంచినిండా ఆపిల్ పళ్ళతో. అమ్మ వంటింట్లో ఉంది. నాయనమ్మ సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, లేవలేదు. కూర్చోమనలేదు. ఆవిడ నిలబడే, నాకేసి కాకుండా తిన్నగా నాయనమ్మని చూస్తూ చెప్పింది. మీరు చెయ్యని పని చేశారనుకున్నాను, మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు, బయట కూర్చోబెట్టి అవమానించాను, క్షమించమని అడగడానికి వచ్చాను. నేను తెలుగులో చెప్పాను, ఈసారి ఒక్క మాట వదలకుండా. నాయనమ్మ వింది.

"నేనేం చేశానని చెప్పారు ఆవిడకి? ఎవరు చెప్పారు?" అంది.

అది ఇంగ్లీషులో చెప్పాను. మిరియం ఆంటీ తల అడ్డంగా ఊపింది. "ఎవరు చెప్పారో నేను చెప్పను. నమ్మింది నేను, తప్పు నాది" అంది. నాకు ఆ గది ఇప్పటికీ కనిపిస్తుంది, టీవీ మీద క్రోషే గుడ్డ, కార్పెట్ మీద ఎండ. ఆవిడ చెప్పినది చెప్పినట్టు తెలుగు చేసి ఊరుకుంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు.

"నేనే చెప్పాను, నాయనమ్మా" అన్నాను. "పెరుగు నేను పెట్టాను, ఆ ఎర్రచుక్క గిన్నెలో. ఆంటీ అడిగితే నీ పేరు చెప్పాను."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ నాతో కాదు, వంటింటి వైపు తిరిగి అమ్మతో, "ఆవిణ్ణి కూర్చోమను. ఎంతసేపని నిలబడుతుంది" అంది. మిరియం ఆంటీ కూర్చుంది. నాయనమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుని, సంచిలోంచి ఒక ఆపిల్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మర్నాటి నుంచి ఇద్దరూ మళ్ళీ ఆ వంటగదిలో బఠాణీలు ఒలుచుకున్నారు. నాతో మాత్రం నాయనమ్మ మాట్లాడలేదు. నా ఎదురుగానే అమ్మతో, "దాన్ని అన్నానికి రమ్మను" అనేది. రోజూ జడ వేసే మనిషి దువ్వెన ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఒకసారి క్షమించమని అడిగాను, ముఖం తిప్పుకుంది. మర్నాడు ఇంకోసారి అడిగాను, పని ఉందంది. అమ్మ కూడా నా మీద కోపంగానే ఉంది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని విన్నాను కానీ, నాకు అలాంటిదేమీ కాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

మూడోసారి యోమ్ కిప్పూర్ రోజున అడిగాను. మిరియం ఆంటీ ఉపవాసంతో ప్రార్థనకి వెళ్ళింది, పక్కిల్లు నిశ్శబ్దంగా ఉంది. నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. అమెరికా పప్పులో రాళ్ళుండవని ఎంత చెప్పినా ఏరేది. వెళ్ళి ఎదురుగా కూర్చుని, "మూడోసారి అడుగుతున్నాను నాయనమ్మా" అన్నాను.

"నిన్ను నిన్ననే క్షమించాన్లే. చెప్పడానికే మనసొప్పలా" అంది. కాసేపు పప్పు ఏరి, "ఆవిడ నన్ను ముందుగదిలో కూర్చోబెట్టినప్పుడు ఒళ్ళు మండిపోయిందే నాకు. ఎందుకంత మండిందో ఊరెళ్ళాక తెలిసింది. మన పెరడు ఊడ్చే కోటమ్మ గుర్తుందా నీకు? చిన్నప్పుడు చూశావు. ముప్పై ఏళ్ళు చేసింది మనింట్లో. ఒక్కనాడు గడప దాటనివ్వలా. ఎండనపడి వచ్చి నీళ్ళడిగితే పైనుంచి దోసిట్లో పోసేదాన్ని. చెయ్యని తప్పుకి నాలుగురోజులు బయట కూర్చుంటేనే నాకట్లా ఉందే, అదేం తప్పు చేసింది?" అంది.

"మరి వెళ్ళి అడుగు" అన్నాను.

"చచ్చిపోయిందిగా, పోయిన వేసవిలో. చూడ్డానికి కూడా వెళ్ళలా నేను."

నాయనమ్మ తెనాలిలో ఉన్నన్నాళ్ళూ, ఆవిడ తిరిగి రాకుండానే పోతే నా గతేమిటని భయపడి మిరియం ఆంటీని అడిగాను కాబట్టి, దానికి కూడా వాళ్ళకొక పద్ధతి ఉందని నాకు తెలుసు. మనిషి చనిపోతే పదిమందిని వెంటపెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళి, ఆ పదిమందీ వినేటట్టు చేసిన తప్పు చెప్పి క్షమించమనాలి. అది చెప్పాను. నాయనమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి. "పదిమంది ఎదుటా?" అంది. చేట పక్కన పెట్టింది. "రా, జడ వేస్తాను" అంది.

మర్నాడు పొద్దున్నే లేచి కిటికీలోంచి వీధి చూశాను. చెత్తబండి వచ్చింది, పేపర్ వచ్చింది, ఎదురింటాయన కారు స్టార్ట్ అవక తిట్టుకుంటున్నాడు. బడి అయ్యాక వెళ్ళి మిరియం ఆంటీతో, నేను నా వంతు తీర్చేశాను, అయినా ఆయన రాలేదని ఫిర్యాదు చేశాను. అది ఓర్పు వారం కాబోలు, చాలా గంభీరంగా విని, "నీ వంతు అయింది కదా. ఇక మిగిలినవాళ్ళం ఉన్నాం, కాస్త సమయమివ్వు" అంది. నేను కాలేజీకి వెళ్ళిన ఏడాది ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత ఎక్కువ రోజులు లేదు. కబురు తెలిసిన రోజు హాస్టల్ వంటగదిలో నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు నేను అల్ఫారెట్టాలో ఉంటున్నాను. నా ఫ్రిజ్ మీద పిజ్జా కూపన్లున్నాయి. ఏడాదికోసారి స్నేహితుల దగ్గర్నుంచి, తెలిసో తెలియకో నొప్పిస్తే క్షమించమని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, చేతులు జోడించిన బొమ్మతో, ఒకేసారి గ్రూపులో అందరికీ. నేనూ అలాంటి బొమ్మే తిరిగి పంపిస్తాను. అందులో ఎవరు ఎవరికి ఏం చేశారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అలా పంపిన ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది, అయినా పంపిస్తాను. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటలు నా దగ్గర కూడా రెండు మూడు ఉన్నాయి. వయసుతోపాటు ధైర్యం వస్తుందంటారు కానీ, పన్నెండేళ్ళప్పుడున్నంత కూడా ఇప్పుడు నాకు లేదు.

ఆ శనివారం కారులో కూర్చుని ఇదంతా అమ్మతో అంటూ, కోటమ్మ మాట కూడా చెప్పాను. నాయనమ్మ ఆ తర్వాత దాని ఊసెత్తలేదని, నేనూ మర్చిపోయానని అన్నాను. అమ్మ నల్లద్దాలు తీసి కళ్ళు చికిలించుకుంది.

"వెళ్ళిందే" అంది. "ఇక్కణ్ణించి వెళ్ళిన నెలలోనే. మీ బాబాయి పెద్ద ఉత్తరం రాశాడు అప్పట్లో, అమ్మకి మతి చలించిందా అని మీ నాన్నని తిడుతూ. తెనాలిలో మన వీధిలో గడపగడపకీ వెళ్ళి నాతో రండి అని అడిగిందిట. ఒక్కళ్ళూ రాలేదు. మీ బాబాయీ వెళ్ళలేదు. ఒక్కతే రిక్షా ఎక్కి వాళ్ళ పేటకి పోయింది."

"మరి పదిమంది?" అన్నాను.

"కోటమ్మవాళ్ళే వచ్చారుట. కూతురూ, అల్లుడూ, చుట్టుపక్కల వాళ్ళూ. పదిమందీ వాళ్ళే. సమాధి దగ్గర వాళ్ళ ముందు నిలబడి చెప్పింది. ఎండ మండిపోతోంది, చెప్పడం అయ్యాక మంచినీళ్ళడిగిందిట. గ్లాసుతో ఇచ్చారు, తాగింది."

వీధిలో ఆఖరి కుటుంబం కూడా ఇంట్లోకి వెళ్ళిపోయింది. "మరి క్షమించారా?" అన్నాను.

"కోటమ్మ కూతురు ఏమందో అది మాత్రం మీ బాబాయి రాయలేదు. మేమూ అడగలేదు" అంది అమ్మ.